శుక్రవారం ఎక్కి లక్ష్మివారం దిగే విమానం

నేను ఒక గ్లోబును. బడిలో గాజు బీరువాలో పెట్టి తాళం వేసి, ఇన్‌స్పెక్టరుగారు వచ్చే రోజున మాత్రం బయటికి తీసి దుమ్ము దులుపుతారే, ఆ గుండ్రటి వస్తువును. మీరూ ఎప్పుడో ఒకప్పుడు నన్నో నా తోబుట్టువునో ఒక్క దెబ్బ వేసి గిర్రున తిప్పి, నవ్వుకుని వెళ్ళిపోయే ఉంటారు. తప్పు పట్టను. భూగోళం మొత్తాన్ని తెచ్చి ముందు పెట్టినా మనిషికి దానితో చేయాలని తోచేది అదొక్కటే.

నేను పుట్టింది అంబాలాలో, బడి సామాన్లు తయారుచేసే ఒక ఇరుకు కార్ఖానాలో. అట్టతో రెండు దొప్పలు చేసి, ఒకదానిమీద ఒకటి బోర్లించి అతికించారు. పైన తొనల్లా కోసిన అచ్చు కాగితాలు వరసగా అంటించారు. నన్ను అంటించిన మనిషి ధ్యాస భోజనం మీద ఉన్నట్టుంది, ఆఫ్రికా దగ్గర అతుకు వెంట్రుకవాసి జారింది. ఒక నది సముద్రంలో కలవకుండా ఎడారిలో ఆగిపోయింది. ఆ తప్పును ఇంతవరకు ఒక్కరూ కనిపెట్టలేదు, దాన్నిబట్టి నన్ను ఎంతమంది శ్రద్ధగా చూశారో మీకే తెలుస్తుంది. కింద నిలబెట్టడానికి పోత ఇనుముతో ఒక పీట బిగించారు. బంతి తేలిక, పీట మహా బరువు.

నా ఒంటి నిండా గీతలు. అడ్డగీతలు, నిలువు గీతలు, అన్నీ బుద్ధిగా వరసలో ఉంటాయి. ఒక్కటి మాత్రం వంకర. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో, ఎర్రగా, పైనుంచి కిందికి, దీవులను తప్పించుకుంటూ పోతుంది. దానికి ఎడమ పక్క సోమవారం అనీ కుడి పక్క ఆదివారం అనీ చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషులో అచ్చువేసి ఉంటుంది. అంతర్జాతీయ దినరేఖ అంటారు దాన్ని. ప్రపంచంలో రోజు మారేది ఆ గీత దగ్గర. తూర్పుగా పోతూ దాన్ని దాటితే క్యాలెండరులో ఒక రోజు వెనక్కి పోవాలి, పడమరగా దాటితే ఒక రోజు ముందుకు దూకాలి. నా మిగతా గీతలన్నీ ఏ పటం మీదైనా దొరుకుతాయి, కాని ఆ గీత ఎందుకు అక్కడుందో గుండ్రంగా ఉన్న నన్ను చూస్తేనే తెలుస్తుంది. నా గర్వమంతా దాని మీదే ఉండేది.

విజయనగరంలో ఒక హైస్కూలు నన్ను కొంది. అక్కడి సోషల్ మాస్టారు నేనున్న బీరువాకు వీపు ఆనించి నిలబడి, భూమి గుండ్రంగా ఉండునని పిల్లల చేత వల్లె వేయించేవాడు. తాళంచెవి హెడ్‌మాస్టరుగారి దగ్గర, హెడ్‌మాస్టరుగారు మీటింగులో. అలా కొన్నేళ్ళు గడిచాక, పిల్లల పూరీ యాత్రకు చవగ్గా బస్సు మాట్లాడిపెట్టాడని మెచ్చుకుని హెడ్‌మాస్టరుగారు నన్ను ఒక మనిషికి బహుమతిగా ఇచ్చేశారు. బడి సొత్తు ఇవ్వడానికి ఆయనెవరని ఎవరూ అడగలేదు. ఆ మనిషి పేరు పొట్నూరు గున్నేశ్వరరావు.

గంటస్తంభం దగ్గర ఆయనకు ఒక ఒంటి గది దుకాణం, దాని పేరు శ్రీ గున్నేశ్వర ట్రావెల్స్. దేవుడి పేరేమో అనుకుని జనం దండం పెట్టుకునేవారు, ఆయన కాదనేవాడు కాదు. అంతకుముందు చాలాకాలం ప్రైవేటు బస్సులకు టికెట్లు కోసిన గుమస్తా. పూరీకి, కాశీకి, రామేశ్వరానికి బస్సులు నడిపి కాస్త కూడబెట్టుకున్నాక, గల్ఫు దేశాలకు జనం ఎగబడుతున్న రోజులు కదా అని విమానం టికెట్లు కూడా మొదలుపెట్టాడు. విశాఖపట్నంలో ఒక పెద్ద ఏజెన్సీకి ఫోను చేయడం, వాళ్ళు చెప్పింది జనానికి చెప్పడం, అదే ఆయన విమానాల వ్యాపారం. తను మాత్రం విమానాన్ని కింద నుంచే చూశాడు.

దూరం ఎంతని ఎవరైనా అడిగితే ఆయన కుడిచేతి బొటనవేలు ఒక ఊరి మీద, చిటికెనవేలు ఇంకో ఊరి మీద ఆనించి నన్ను జానతో కొలిచేవాడు. కువైట్ పావు జాన, లండను ముప్పావు జాన, అమెరికా చెయ్యి చాలదు. వేలికి అంటిన కారప్పూస నూనె అరేబియా సముద్రం నిండా పులిమేవాడు. ఇక ఎంతసేపు ప్రయాణం అన్న ప్రశ్నకు ఆయన దగ్గర బస్టాండు నుంచి తెచ్చుకున్న లెక్క ఒకటుంది. "దిగిన టైములోంచి ఎక్కిన టైము తీసీండి. మిగిలిందే ప్రయాణం. దీనికి చదువెందుకండి?" అనేవాడు.

బొంబాయిలో ఎనిమిదింటికి లేచిన విమానం కువైట్‌లో తొమ్మిదిన్నరకు దిగుతుంది. అంటే గంటన్నర. విజయనగరం నుంచి పార్వతీపురం బస్సుకు అంతకంటే ఎక్కువ పడుతుందని చెప్పి జనాన్ని ఆశ్చర్యపరిచేవాడు. అక్కడి గడియారం ఇక్కడి గడియారం కంటే రెండున్నర గంటలు వెనకాల నడుస్తుందనీ, ప్రయాణం నిజానికి నాలుగు గంటలనీ ఆయనకు తెలియదు. తెలుసుకోవాలన్న దురద కూడా లేదు. ఒక తాపీమేస్త్రీ గంటన్నరే కదా అని ఏమీ తినకుండా ఎక్కి, రెండు గంటలు దాటగానే విమానం దారి తప్పిందని ఏడుపు లంకించుకున్నాడట. రెండేళ్ళ తర్వాత సెలవుకు వచ్చి ఆ సంగతి చెబితే, "గాలి ఎదురొచ్చుంటాది" అన్నాడు గున్నేశ్వరరావు. మేస్త్రీ కూడా అవునేమోనని తల ఊపాడు. వీళ్ళ మధ్య బతికాను నేను.

వ్యాపారం కాస్త పుంజుకున్నాక ఆయన ఎర్రటి గుండ్రటి స్టిక్కర్లు అచ్చు వేయించాడు. మధ్యలో గద్ద, చుట్టూ తన పేరు. సూట్‌కేసుల మీద, బస్సు అద్దాల మీద, ఫ్యాను రెక్క మీద కూడా అతికించాక నా దగ్గరకు వచ్చాడు. నన్ను నెమ్మదిగా తిప్పుతూ ఖాళీ చోటు కోసం వెతికాడు. దేశం మీద వేస్తే ఆ దేశానికి టికెట్టు అడిగేవాడికి ఇబ్బంది. నీళ్ళ మీద వేస్తే ఎవరికీ నష్టం లేదు. అలా ఆలోచించి, అంత తెలివైన పని చేసినందుకు తనలో తానే నవ్వుకుంటూ, పసిఫిక్ మధ్యలో అరచేత్తో ఒత్తి మరీ అతికించాడు. నా ఎర్ర గీత, దాని పక్కన ఆవగింజల్లాంటి దీవులు, ఆ రెండు వారాల పేర్లు గద్ద కింద పడిపోయాయి. ఆ గద్దను నేను ఈనాటికీ క్షమించలేదు.

సింహాద్రి మేష్టారు ఆ దుకాణానికి వచ్చేది ఫోను కోసం. ఊరి బయట రేకుల షెడ్డులో ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పేవాడాయన. షెడ్డులో ఫోను లేదు కనుక ఢిల్లీలోని వెయిట్‌లిఫ్టింగ్ సంఘం వాళ్ళకు గున్నేశ్వరరావు నంబరు ఇచ్చి, పిలిస్తే కబురు చెయ్యమని బతిమాలుకున్నాడు. ఆయన వెంట కర్రి నీలవేణి వచ్చేది. జూట్ మిల్లులో పనిచేసే తల్లి కూతురు, వెడల్పాటి భుజాలు, ఎప్పుడూ సుద్దపొడి అంటుకుని ఉండే అరచేతులు. మేష్టారు ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్ల నా ముందు నిలబడి నన్ను చూసేది. ఒక్కసారైనా గిర్రున తిప్పలేదు. వేలితో కొంచెం కొంచెం జరుపుతూ పేర్లు చదువుకునేది. ఆ మర్యాద నాకు కొత్త.

ఆ ఏడాది పసిఫిక్‌లో సమోవా అనే చిన్న దీవి దేశంలో, ఆపియా అనే ఊళ్ళో పోటీలు పెట్టారు. మన జట్టు ముందే వెళ్ళిపోయింది. నీలవేణి పేరు అదనపు మనుషుల్లో ఉంది. పాస్‌పోర్టు మీద ముద్రలు పడ్డాయి గాని పిలుపు రాలేదు. సోమవారం పొద్దున్న గున్నేశ్వరరావు దుకాణంలో ఫోను మోగింది. జట్టులో ఒక అమ్మాయికి మణికట్టు బెణికింది, నీలవేణిని వెంటనే పంపండి, శుక్రవారం పొద్దున్న తూకానికి అక్కడ ఉండాలి, టికెట్టు మీరే తీయించండి అన్నారు ఢిల్లీ వాళ్ళు. తూకం అంటే పోటీకి ముందు మనుషులను తూచడం. ఆ బల్ల మీద నిలబడని మనిషికి పోటీ లేదు.

కబురు అందగానే మేష్టారూ నీలవేణీ రొప్పుకుంటూ వచ్చారు. అంతర్జాతీయ పోటీలో ఒక్కసారి బరిలో నిలబడితే చాలు, రైల్వేలో ఉద్యోగం వస్తుందని మేష్టారు ఎన్నాళ్ళుగానో ఆ తల్లికి చెబుతున్నాడు. 

గున్నేశ్వరరావు విశాఖకు ఫోను చేశాడు. అవతలి అమ్మాయి చదువుతుంటే ఈయన పైకి అప్పజెబుతున్నాడు. బుధవారం రాత్రి మద్రాసులో ఎక్కి సింగపూరు. అక్కడ ఒక పగలు ఆగి, లక్ష్మివారం రాత్రి ఎక్కితే శుక్రవారం పొద్దున్న న్యూజీలాండ్‌లోని ఆక్లాండు. ఈ ప్రాంతంలో గురువారాన్ని లక్ష్మివారం అంటారు. ఆక్లాండులో శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఎక్కితే ఆపియాలో దిగేది...

అక్కడ ఆయన నోరు ఆగిపోయింది. "ఏటమ్మా? మళ్ళీ సెప్పు. లక్ష్మివారం రాత్రి తొమ్మిదికా?" అన్నాడు. ఫోను చెవి దగ్గర నుంచి తీసి దాని ముఖంలోకి చూశాడు. "శుక్రవారం సాయంత్రం ఎక్కినోడు లక్ష్మివారం రాత్రి దిగుతాడా? ఎక్కకముందే దిగిపోతాడేటి? ఇది విమానమా, ఇంకేటైనానా?"

అవతలి అమ్మాయి కంప్యూటరులో అలాగే ఉందని చెప్పింది. ఎందుకలా ఉందో ఆమెకూ తెలియదు. విమానాల కంపెనీ వాళ్ళను అడిగి చెబుతానని అనలేదు, ఉన్నది చదవడమే ఆమె ఉద్యోగం. "కంప్యూటరుకేటి తెలుసు?" అన్నాడు గున్నేశ్వరరావు. "నేను ముప్పై ఏళ్ళు టికెట్లు కోసినాను. అది శుక్రవారం రాత్రి అయ్యుంటాది. దిద్దుకోండి ముందు." అని ఫోను పెట్టేశాడు. పెద్ద ఊరి వాళ్ళ తప్పు పట్టుకున్న సంతోషంతో ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నా ఇనుప పీట వేడెక్కుతుంది. "నాలుగ్గంటలకెక్కి తొమ్మిదికి దిగితే అయిదు గంటల ప్రయాణం. లెక్క సరిగ్గా సరిపోనాది. వారమే తప్పు పడ్డాది" అని ఆయన మేష్టారికి వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు. "శుక్రవారం రాత్రి దిగుతాది. తూకం శుక్రవారం పొద్దున్న. ఆ దీవికి వారానికి ఒక్కటే విమానం. అయిపోనాదండి మేష్టారూ, ఇంక ఆశ పెట్టుకోకండి."

నేను ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉన్నాను. జవాబు నా ఒంటి మీద, ఆయన సొంత పేరు కింద ఉంది. ఆక్లాండు నుంచి ఆపియాకు వెళ్ళే విమానం ఈశాన్యంగా సుమారు మూడు వేల కిలోమీటర్లు పోతూ దారిలో ఆ ఎర్ర గీతను దాటుతుంది. దాటగానే శుక్రవారం లక్ష్మివారం అవుతుంది. ఆ పిల్ల లక్ష్మివారం రాత్రి దిగి, అన్నం తిని, హాయిగా నిద్రపోయి, శుక్రవారం పొద్దున్నే లేచి తూకానికి వెళ్ళొచ్చు. గీత ఉన్నదే అందుకు. నాకు నోరు లేదు. ఉన్నవాళ్ళు దాన్ని ఎలా వాడుకుంటున్నారో చూస్తూ కూర్చోవడమే నా పని.

మేష్టారు అడ్డు చెప్పలేదు. ఆయనకు ఇనుము తెలుసు, వెన్నెముక తెలుసు, ఆకాశం సంగతి తెలియదు. తెలియని చోట గట్టిగా మాట్లాడేవాడినే నమ్మడం మీ అందరికీ ఉన్న జబ్బే. నీలవేణి మాత్రం నా దగ్గరకు వచ్చింది. మద్రాసు మీద వేలు పెట్టి, సింగపూరు మీదుగా, ఆస్ట్రేలియా పక్క నుంచి ఆక్లాండు దాకా జరిపింది. అక్కణ్ణుంచి పైకి పోతే వేలికి గద్ద తగిలింది.

"ఆపియా ఎక్కడుందండి ఇందులో?" అని అడిగింది.

"ఎక్కడో నీళ్ళల్లో ఉంటాదమ్మా. అంత చిన్న ఊళ్ళు దీన్లో వెయ్యరు."

"మరి ఆ ఏజెన్సీ అమ్మాయి లక్ష్మివారం అని రెండుసార్లు చెప్పింది కదండి. ఎవరినైనా అడిగితే..."

"ఎవర్నడుగుతావు? శుక్రవారం తరవాత లక్ష్మివారం వస్తాదా అని అడిగితే నవ్వుతారు."

ఆ పిల్ల గోరు స్టిక్కరు అంచు కిందికి దూరింది. కొంచెం లేచింది కూడా. నా నీలిరంగు కాగితానికి ఎన్నాళ్ళ తర్వాతో గాలి తగిలింది. ఇంకో అంగుళం లేస్తే చాలు. "పీకకమ్మా, అది నా పేరు" అంటూ గున్నేశ్వరరావు వచ్చి బొటనవేలితో మళ్ళీ గట్టిగా అదిమేశాడు.

నీలవేణి చెయ్యి వెనక్కి తీసుకుంది. "పోనీ వెళ్తానండి. ఆలస్యమైతే అక్కడే వాళ్ళ కాళ్ళో వేళ్ళో పట్టుకుంటాను" అంది.

"తూకం అయిపోయాక ఎల్లి ఏటి సేస్తావు? సముద్రం సూసొస్తావా? సంఘం సొమ్ము నీళ్ళపాలు సెయ్యడం నాకిష్టం లేదు" అన్నాడాయన, తానేదో ధర్మం కాపాడుతున్నట్టు. మేష్టారు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "పోన్లే నీలా. మరోసారి వస్తాది" అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక గున్నేశ్వరరావు విశాఖకు ఫోను చేసి సీటు వద్దన్నాడు. ఢిల్లీకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదని అక్కడితో ఊరుకున్నాడు. తర్వాత కారప్పూస పొట్లం విప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది. మేష్టారూ నీలవేణీ అప్పటికే దుకాణంలో ఉన్నారు, రాలేమన్న సంగతి తామే చెబుదామని వచ్చారు. అవతలి మనిషి అరుస్తున్న అరుపులు నాకే వినిపించాయి. మీ అమ్మాయి ఏదీ, విమానం దిగింది, మా మేనేజరు బయట బోర్డు పట్టుకుని నిలబడ్డాడు, అందరూ దిగిపోయారు, ఆమె లేదు అంటున్నాడు. మేష్టారు తడబడుతూ, శుక్రవారం రాత్రికి గాని దిగదన్నారు కదా సార్ అన్నాడు. అక్కడ ఇంకా గురువారం రాత్రేనయ్యా, తూకం రేపు పొద్దున్న అన్నాడు అవతలివాడు.

దుకాణంలో గోడ మీద క్యాలెండరులో శుక్రవారం. ఆపియాలో లక్ష్మివారం రాత్రి, పోటీలకు వచ్చిన పిల్లలు పడుకునే వేళ. తూకానికి ఇంకా ఒక రాత్రి మిగిలే ఉంది. నీలవేణికీ ఆ బల్లకీ మధ్య ఉన్నది పన్నెండు వేల కిలోమీటర్ల చిల్లర, గున్నేశ్వరరావు భాషలో జానా నాలుగు వేళ్ళు. ఆ దూరం ఇప్పుడు దాటించగల విమానం లేదు. మొన్న సోమవారం నాటికి ఉంది.

గున్నేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "ఆళ్ళ దేశంలో అలగ దొంగ లెక్కలేస్తే మనకెలగ తెలుస్తాదండి?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అసహ్యం వేసింది. తప్పు చేసినవాళ్ళను చాలామందిని చూశాను గాని, భూమి తిరగడమే తప్పన్నవాణ్ణి ఆయన్నే చూశాను.

నీలవేణి ఆయనతో పోట్లాడలేదు. తిన్నగా నా దగ్గరకు వచ్చి, ఆ స్టిక్కరు అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. గద్ద ఊడి వచ్చింది, దానితో పాటు నా కాగితం పొర కొంత లేచిపోయింది. నొప్పి సంగతి అలా ఉంచితే, అంత సుఖం నేనెప్పుడూ ఎరగను. ఎర్ర గీత బయటపడింది. దాని కుడి పక్కన ఆవగింజంత దీవి, పక్కనే ఆపియా అని పేరు. ఆ పిల్ల వంగి, కళ్ళు చికిలించి, ఒక పక్క సోమవారం, ఇంకో పక్క ఆదివారం అని కూడబలుక్కుని చదివింది. మళ్ళీ చదివింది. అప్పుడు ఆమెకు అంతా అర్థమైంది. ఆ ముఖం చూసి నాకు జాలి వేసింది. జాలి నా స్వభావం కాదు.

"ఈ గీత ఏటండి?" అని గున్నేశ్వరరావును అడిగింది.

"నీళ్ళ మీద గీతలేటమ్మా. అచ్చు తప్పు" అన్నాడాయన, నా వైపు చూడకుండానే.

నీలవేణి కొంగుతో అరచెయ్యి తుడుచుకుంది. నా ఇనుప పీట కింద చెయ్యి వేసి ఒంటిచేత్తో లేపి భుజానికి ఎత్తుకుంది. ఆ పీటను జరపాలంటే గున్నేశ్వరరావుకు ఎప్పుడూ ఇంకో మనిషి సాయం కావలసి వచ్చేది. "ఇది నేను పట్టుకెల్తన్నాను" అంది. ఇస్తారా అని అడగలేదు. ఆయన నోరు తెరిచి, ఆ భుజం చూసి, మళ్ళీ మూసుకున్నాడు. గంటస్తంభం పక్క నుంచి ఆమె భుజం మీద ఊరేగుతూ వెళ్ళాను. జనం ఆగి నన్ను చూశారు, అది నాకు మొదటిసారి.

అప్పటి నుంచి నా ఇల్లు ఆ రేకుల షెడ్డు. మేష్టారు వస్తుందన్న ఆ మరోసారి ఎప్పుడూ రాలేదు. మరుసటి ఏడు నీలవేణి భుజం కీలు జారింది. రైల్వే ఉద్యోగం వేరెవరికో పోయింది. మేష్టారు పోయాక షెడ్డు బాధ్యత ఆమె మీద పడింది, ఆడపిల్లలకు ఆమే మేడమ్ అయింది. సుద్దపొడి డబ్బా పక్కన స్టూలు మీద నేను. పిల్లల్లో ఎవరికైనా పరదేశం పోటీకి పిలుపు వస్తే ముందు నా దగ్గర కూర్చోబెట్టేది. ఎక్కడ ఎక్కుతావు, ఎక్కడ దిగుతావు, అక్కడ గడియారం ఎంత, ఇక్కడ ఎంత, ఎంత దూరం, ఎంతసేపు, అన్నీ నా మీద వేలు పెట్టించి చెప్పించేది. చెప్పలేకపోతే ఆ రోజు బరువుల బార్ ముట్టుకోనిచ్చేది కాదు. చివర్లో ఎప్పుడూ ఆ ఎర్ర గీత చూపించేది. "ఫోన్లు, టికెట్లు, పెద్దమనుషులు, ఎవరేం చెప్పినా ముందు దీన్ని చూడండి. ఇది అబద్ధం చెప్పదు" అనేది. మనుషులందరిలో నేను తిరస్కరించలేకపోయింది ఆమె ఒక్కర్తెనే. ఆ మాటలు వినడం నాకు మహా ఇష్టంగా ఉండేదని ఒప్పుకుంటాను.

ఇరవై ఏళ్ళు కావస్తుండగా మళ్ళీ ఆపియా పేరు వినిపించింది. బోనెల యామిని అనే పిల్లకు అక్కడి పోటీకి పిలుపు వచ్చింది. తూకం శనివారం పొద్దున్న. నీలవేణి ఆ సాయంత్రం చీర కొంగుతో నన్ను శుభ్రంగా తుడిచింది. ఆక్లాండు నుంచి శుక్రవారం సాయంత్రం ఒక విమానం, శనివారం సాయంత్రం ఇంకొకటి ఉన్నాయి. శుక్రవారానికైతే ఇక్కడ ఒక రోజు సాధన పోతుంది. "శనివారం విమానానికే తీయిద్దాం. భయపడకు. శనివారం సాయంత్రం ఎక్కుతావు, గీత దాటగానే శుక్రవారం అయిపోద్ది. శుక్రవారం రాత్రి దిగి హాయిగా పడుకో" అంది. ఆ మాట అనడానికి ఆమె ఇరవై ఏళ్ళు ఎదురుచూసింది.  నేను ఉబ్బిపోయాను.

యామిని ఫోను చూసుకుంటోంది. "మేడమ్, ఇందులో శనివారం రాత్రి తొమ్మిదికి దిగుతాదని ఉన్నాది. తూకం అయిపోద్ది."

"ఫోనుకేటి తెలుసు?" అంది నీలవేణి.

ఆ మాట ఎక్కడ విన్నానో నాకు వెంటనే గుర్తొచ్చింది. ఆమెకూ గుర్తొచ్చినట్టుంది, చెయ్యి నా మీద అలాగే ఆగిపోయింది. "ఒకసారి సరిగ్గా చూసి చెప్పు" అంది, ఈసారి మెల్లగా.

యామిని చూసి చెప్పింది. సమోవా వాళ్ళు కొన్నేళ్ళ కిందట గీతను జరిపేసుకున్నారట. ఆస్ట్రేలియాతో, న్యూజీలాండ్‌తో వ్యాపారానికి వీలుగా లేదని, అవతలి పక్క నుంచి ఇవతలి పక్కకు వచ్చేశారట. ఒక డిసెంబరులో దేశమంతా లక్ష్మివారం రాత్రి పడుకుని శనివారం పొద్దున్న లేచిందట. మధ్యలో శుక్రవారం లేదు. ఆక్లాండులో శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఎక్కితే ఇప్పుడు శుక్రవారం రాత్రి తొమ్మిదికే దిగుతారు.

నీలవేణి ఆ ఫోను అందుకుని తనే చదివింది. "అయితే ఆయన చెప్పినట్టే అయ్యింది" అంది చివరికి.  యామినికి శుక్రవారం విమానానికే టికెట్టు తీయించింది. తర్వాత, బొటనవేళ్ళకు చుట్టుకునే తెల్ల టేపు ఒక ముక్క చింపి, నా ఎర్ర గీత మీద, ఆ రెండు వారాల పేర్ల మీద అతికించి, సుద్ద అంటిన అరచేత్తో ఒత్తింది. దాని మీద బాల్‌పెన్నుతో, ఆ దీవికి కుడి పక్కగా కొత్త గీత గీసింది. ఒకప్పుడు గద్ద ఊడి, ఇంకా జిగురు మరక మిగిలి ఉన్న చోటది. నోరు లేని నాకు కూడా మళ్ళీ మళ్ళీ నోరు మూయాలనిపిస్తే వీళ్ళకు దొరికే చోటు అదొక్కటే.

గున్నేశ్వరరావు పోయి చాలా కాలమైంది. బతికున్నంతకాలం ఆ మనిషిని మూర్ఖుడనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. కాని ఆయన బస్టాండు లెక్కకు లోకమే దిగి వచ్చింది. నేను భూమికి సంబంధించినదనుకుని ఇన్నాళ్ళు మోసిన గీత, నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఎటు కావాలంటే అటు జరుపుకునే గీతట. వ్యాపారం కోసం ఒక దేశం దేశమంతా ఒక శుక్రవారాన్ని తీసి అవతల పారేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. యామిని శుక్రవారం రాత్రి దిగి, శనివారం పొద్దున్న తూకం బల్ల ఎక్కి, ఆ ఫోటో పంపించింది. నీలవేణి దాన్ని నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని చూసింది. ఆమె మాత్రం ఇవాళ్టి దాకా విమానం ఎక్కలేదు.